ఒందీనా మర కొన్న రోజు

త్రియెస్తెలో బోరా గాలి లేచిందంటే
నా కొట్టుకి ఎవరూ రారు.
తలుపు దానంతటదే తెరుచుకుంటే
గాలే అనుకున్నాను.
ఒందీనా.

నలభై రెండేళ్ళు రేవులో
కాఫీ బస్తాల పక్కన నిలబడ్డ మనిషి.
గోనెలోకి బోలు ఊచ పొడిచి
అరచేతిలోకి నాలుగు పచ్చిగింజలు రాల్చుకుని
"ఇది ఓడలో తడిసింది,"
"ఇది నిరుటి పంట" అనేది.
ఓడ కెప్టెన్లు కూడా
ఆ ముక్కుకి ఎదురు చెప్పేవారు కాదు.

"మర కావాలి, లీవియో."
"పాతదానికి ఏమైంది?"
"దానికేం? నాకే."
మార్చిలో జ్వరం వచ్చిందట.
పోతూ పోతూ
వాసనని వెంటబెట్టుకుపోయిందట.

ఏమనాలో తోచక
బేరం మొదలుపెట్టాను.

ఇది రెక్కల మర, చవక.
గింజని నూరదు, నరుకుతుంది.
సగం దుమ్ము, సగం పలుకు.
దుమ్ము చేదెక్కిపోతుంది, పలుకు పుల్లగానే ఉండిపోతుంది,
ఒక్క కప్పులో రెండు కాపురాలు.
అదిగో అది కరెంటుది,
ఇరవై క్షణాల్లో పని అయిపోతుంది, నెల పింఛను కూడా.
ఇవి చేతివి. లోపల తిరగలే,
కాకపోతే రాయి బదులు ఉక్కు.
పళ్ళకీ పళ్ళకీ మధ్య ఎడం ఎంతో
మీరు చెప్పినట్టు వింటుంది.

ఆవిడ నన్ను వినడం లేదు.
పుచ్చకాయ తట్టి చూసేవాళ్ళలా
మరని చెవికి ఆనించి తిప్పుతోంది.
మొదటిది కీచుమంది.
రెండోది గింజ తగలగానే తడబడింది.
మూడోది
దూరంగా వంతెన మీద రైలు పోతున్నట్టు
చివరి గింజ దాకా ఒకే శ్రుతి,
ఆ తర్వాత చటుక్కున ఖాళీ.
"ఇది అబద్ధమాడదు" అంది.

పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపింది.
మెత్తటి ఉప్పంత సన్నం,
మోకా కుండకి సరిగ్గా సరిపోయే సన్నం.
వేళ్ళకి ముక్కు సంగతి ఇంకా తెలియనట్టుంది.

"మోకా వద్దు," అంది అంతలోనే.
"ఎప్పుడు దించాలో వాసనే చెప్పేది.
గుడగుడ వినిపించేసరికి మాడిపోయి ఉంటుంది."
కాగితం గరాటు చూపించాను,
సన్నని ధార, గుండ్రంగా, తేటగా దిగుతుందని.
"నూనె అంతా ఆ కాగితమే తాగేస్తుంది.
నాకు మిగిలింది నాలుక మీది బరువొక్కటే,
అదీ దానికిచ్చెయ్యనా?"

గాజు కూజా తీసుకుంది, జల్లెడ కాడతో నొక్కేది.
మర మరలని
మూడు గడులు వెనక్కి తిప్పింది,
నలభై ఏళ్ళ అలవాటుని కూడా.
ఈసారి పొడి బొంబాయి రవ్వలా పలికింది.

నీళ్ళు కాచాను, పొంగు దిగనిచ్చి పోశాను.
నాలుగు నిమిషాలు.
అద్దాల మీద బోరా తల బాదుకుంటూనే ఉంది.
మెల్లగా నొక్కి, పోసి, తాగింది.
చాలాసేపు ఏమీ అనలేదు.

"వాసన ఎలా ఉంది? నువ్వు చెప్పు."
వంగి పీల్చాను.
"కాఫీ వాసనే."
"ముప్ఫయ్యేళ్ళు కొట్టు నడిపి
ఇంతేనా!" అని ఎంత నవ్విందంటే
బల్ల మీద కప్పులు కదిలాయి.
"మళ్ళీ చూడు. అడుగున నారింజ తొక్క ఉందా?
దానికింద తడి గోనె?"
మళ్ళీ వంగాను.
ఏదో ఉంది. గోనె కావచ్చు,
నా కోటు కూడా కావచ్చు.

ఇప్పుడు మంగళవారాలు
నేనే ఆవిడ ముక్కుని.
రేకు డబ్బాలో గింజలు తెస్తుంది,
నేను మూత తీసి తలకాయ దూర్చి
తోచింది చెబుతాను, ఎక్కువగా తప్పే చెబుతాను.
నిన్న మాత్రం ధైర్యంగా
"నిరుటి పంట" అన్నాను.

ఆవిడ ఒక గింజ పంటికింద పెట్టి
టక్కున కొరికి
ఆ చప్పుడు కాసేపు విని
"రెండేళ్ళది" అంది.